సరిహద్దు ఊళ్ళ నుంచి కంప్యూటర్ ఐల్ట్స్‌కి: పన్నెండు వారాల సాధన

ఆంధ్రా అంచున ఒడిశాలో ఉన్న రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో పెరిగినవాళ్ళకి ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దాటడం చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైల్లో హిందీ. సంతలో కువి మాట్లాడే కోందులతోనో, సవర గిరిజనులతోనో బేరానికి సరిపడా నాలుగు మాటలు. అలాంటి పిల్లలు ఐఈఎల్‌టీఎస్, విదేశాల్లో చదువుకో పనికో వెళ్ళేవాళ్ళని అడిగే ఇంగ్లిషు పరీక్ష, అదే మనం ఐల్ట్స్ అంటామే, ఆ పేరు వినగానే "మాకు ఇంగ్లిషు రాదప్పా" అని చేతులెత్తేస్తుంటే నాకు బాధేస్తుంది. వాళ్ళకి ఇంగ్లిషు వచ్చు. డిగ్రీ దాకా ఇంగ్లిషు పుస్తకాలే చదివారు. రానిది వేరే ఉంది. ఒక్కసారే వినిపించే మాటని పట్టుకోవడం, తప్పుల్లేకుండా టైపు చేయడం, తెర మీద టైము తరిగిపోతుంటే తడబడకపోవడం. ఇవి చదివితే వచ్చేవి కావు, రోజూ చేస్తే వచ్చేవి.

మొదటిసారి రాసినప్పుడు నాకూ ఈ సంగతి తెలియదు. రెండు నెలలు గ్రామరు, కష్టమైన పదాల జాబితాలు బట్టీ పట్టి వెళ్ళాను. రైటింగులో రెండో వ్యాసం 190 పదాల దగ్గర ఉండగా టైము అయిపోయింది. చేత్తో అయితే పూర్తి చేసేదాన్నే. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. 6.5 బ్యాండు (తొమ్మిదికి లెక్కేసే స్కోరు) కావలసిన చోట 5.5 వచ్చింది. ఫీజు పోయింది, ఆ ఏడాది అడ్మిషనూ పోయింది. రెండోసారికి పన్నెండు వారాలు పద్ధతి మార్చి చేశాను, కావలసింది వచ్చింది. తర్వాత మా వీధి పిల్లలు కొందరితో అదే చేయించాను. వాళ్ళకి ఎక్కడెక్కడ తట్టుకుందో చూసి సరిదిద్దుకున్న పద్ధతి ఇది.

ముందు ఏ పరీక్షో తేల్చుకోండి

"ఐల్ట్స్ రాస్తున్నా" అంటే సరిపోదు. ఐల్ట్స్‌లో అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండున్నాయి. పై చదువులకీ, నర్సుల్లాంటి వృత్తుల రిజిస్ట్రేషన్‌కీ మామూలుగా అకడమిక్ అడుగుతారు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) లాంటి వలస దరఖాస్తుకి జనరల్. లిజనింగు, స్పీకింగు రెండింటికీ ఒకటే. రీడింగు, రైటింగు వేరు. బ్రిటన్ వీసాలు కొన్నిటికి యూకేవీఐ అని ప్రత్యేకంగా ఉన్న స్లాటే బుక్ చేయాలి. ప్రశ్నల తీరు ఒకటే అయినా మామూలు స్లాటులో రాసిన స్కోరు అక్కడ చెల్లకపోవచ్చు. అందుకే మీరు చేరాలనుకున్న యూనివర్సిటీ లేదా కౌన్సిల్ సైటు తెరిచి మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఏ పరీక్ష, మొత్తం మీద ఎంత, ఒక్కో విభాగంలో కనీసం ఎంత. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టరు కావాలంటే అక్కడి కౌన్సిల్ రీడింగు, లిజనింగు, స్పీకింగుల్లో 7, రైటింగులో 6.5 అడుగుతుంది. మొత్తం 7.5 వచ్చినా ఒక విభాగంలో తగ్గితే మామూలుగా కుదరదు.

ఐల్ట్స్ బదులు రాసే పీటీఈ, టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్షలు కూడా కంప్యూటర్ మీదే. పీటీఈలో ఎదురుగా మనిషి ఉండరు, మైకులో మాట్లాడాలి. మూడు సెకన్లు మౌనంగా ఉంటే రికార్డింగు ఆగిపోతుంది. నోరు గబగబా కదిలేవాళ్ళకి అది బాగానే నప్పుతుంది. టోఫెల్ రూపం, స్కోరు పద్ధతి రెండూ 2026 జనవరి నుంచి మారాయి, కాబట్టి సీనియర్లు ఇచ్చే పాత టోఫెల్ పుస్తకాలు పట్టుకుని కూర్చోకండి. నేను ఐల్ట్స్ గురించే చెబుతున్నాను, నాకు చేసి తెలిసింది అదే.

పాస్‌పోర్టులో పేరు చూసుకున్నారా

పరీక్ష హాల్లోకి రానిచ్చేది పాస్‌పోర్టు చూసే. అందులో పేరు ఎలా ఉందో బుకింగులో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. మన సరిహద్దు కుటుంబాల్లో ఇది చిన్న విషయం కాదు. తెలుగింటి వెంకటరావు ఒడియా బడి సర్టిఫికెట్‌లో బెంకట రావు అవుతాడు. వాసు బాసు అవుతాడు. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, బడిలో చివర్న రాస్తారు, ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదించేస్తారు. పాస్‌పోర్టు ఒక రకంగా, మార్కుల జాబితా ఇంకో రకంగా ఉంటే పరీక్ష రాయడానికి ఇబ్బంది లేకపోవచ్చు గానీ అడ్మిషన్ దగ్గర తప్పకుండా అడుగుతారు. దిద్దించుకోవడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఈ పని సాధన మొదలుపెట్టిన రోజే మొదలుపెట్టండి.

మొదటి రెండు వారాలు: వేళ్ళు

ఇంగ్లిషు పక్కన పెట్టి ముందు టైపింగు నేర్చుకోమంటే చాలామంది నమ్మరు. నా మాట వినండి. ఫోనులో రెండు బొటనవేళ్ళతో ఎంత వేగంగా కొట్టినా అది ఇక్కడ పనికిరాదు. ఫోను మీ తప్పుల్ని తనే దిద్దేస్తుంది. పరీక్ష తెర మీద ఆ సాయం ఉండదు. తప్పు కింద ఎర్రగీత కూడా రాదు.

ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు. మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఒకటి, ఓటీజీ కేబుల్ ఒకటి కొనుక్కుంటే ఫోనుకే తగిలించుకోవచ్చు. ఫోను సెట్టింగుల్లో ఆటో కరెక్ట్, పదాల సూచన రెండూ ఆపేయండి. వారానికి రెండు రోజులు మాత్రం నెట్ సెంటర్‌కి వెళ్ళి పెద్ద తెర ముందు కూర్చోండి. తెర మీద పొడుగు పాఠం చదవడం కళ్ళకి కూడా అలవాటు కావాలి.

కీబోర్డు మీద ఎఫ్, జె మీటల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. కళ్ళు మూసుకుని రెండు చూపుడువేళ్ళతో ఆ గీతల్ని తడిమి పట్టుకోండి. మిగతా వేళ్ళు వాటంతటవే పక్క మీటల మీద వాలతాయి. ప్రతి అక్షరం కొట్టాక వేలు మళ్ళీ ఆ వరసకే రావాలి. మొదటి నాలుగు రోజులు ప్రాణం విసిగిపోతుంది. పాత పద్ధతిలో రెండు వేళ్ళతో కొడితే ఇంతకంటే వేగంగా వస్తుంది కదా అనిపిస్తుంది. ఆగండి, ఎనిమిదో రోజుకి చెయ్యి దారిలో పడుతుంది. రోజుకి అరగంట చాలు. నిమిషానికి పాతిక, ముప్ఫై పదాలు తప్పుల్లేకుండా వస్తే పరీక్షకి సరిపోతుంది. రెండో వ్యాసం 250 పదాలు, దానికి 40 నిమిషాలు. వేగం కంటే కావలసింది, చెయ్యి తనపాటికి తను కొడుతుంటే బుర్ర వాక్యం మీద నిలబడటం.

చెవి: ఎక్కువ కష్టం, ఎక్కువ ఫలితం

లిజనింగు దాదాపు 30 నిమిషాలు, నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు. మొదట రోజువారీ పనుల మీద ఇద్దరి సంభాషణ, తర్వాత ఒకరే మాట్లాడటం, ఆ తర్వాత చదువు విషయాల మీద చర్చ, చివర్న క్లాసులో పాఠంలాంటి ఉపన్యాసం. ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. కాగితం పరీక్షలో చివర్న జవాబులు ఎక్కించడానికి 10 నిమిషాలు ఇచ్చేవారు. కంప్యూటర్‌లో వింటూనే కొట్టాలి, చివర్న సరిచూసుకోవడానికి 2 నిమిషాలే.

మనకి వినడం ఎందుకు కష్టమో తెలిస్తే సగం భయం పోతుంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఒడియాలోనూ పదం చివర అచ్చుని మింగరు. ఇంగ్లిషువాళ్ళు అలా కాదు. వాక్యంలో రెండు మూడు మాటల మీద బరువేసి మిగతావి నమిలేస్తారు. "ద రూమ్ కెన్ బి బుక్డ్ ఇన్ అడ్వాన్స్" అని పుస్తకంలో చదువుతాం. రికార్డింగులో అది "ద్‌రూమ్ కన్‌బి బుక్టినద్వాన్స్" అన్నట్టు వస్తుంది. మాటలన్నీ తెలిసినవే, చెవికి మాత్రం ఎప్పుడూ అలా తగల్లేదు.

దీనికి మందు డిక్టేషను. చెప్పుకోవడానికి గర్వంగా ఉండే ఉదాహరణ మన పర్లాకిమిడిలోనే ఉంది. అక్కడ బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నది పుస్తకం పెట్టుకుని కాదు. ఆ మాట్లాడేవాళ్ళ నోట విని, విన్నది రాసుకుని, మళ్ళీ వాళ్ళనే అడిగి సరిచేసుకుని నేర్చుకున్నారు. తర్వాత సవర–ఇంగ్లిషు నిఘంటువు కూడా ఆయనే చేశారు. మనం చేయాల్సిందీ అదే పని, ఇంకా తేలిగ్గా. మనకి రికార్డింగూ ఉంది, దాని కింద రాతప్రతీ ఉంది.

ఒక్క నిమిషం ఆడియో తీసుకోండి. బీబీసీ వాళ్ళు ఇంగ్లిషు నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టే కార్యక్రమాల్లో రాతప్రతితో సహా దొరుకుతాయి. మొదట ఏమీ రాయకుండా ఒకసారి వినండి. రెండోసారి వాక్యం వాక్యం ఆపుతూ, విన్నది విన్నట్టు టైపు చేయండి. అర్థం కాని చోట ఖాళీ వదలండి, ఊహించి నింపొద్దు. మూడోసారి వింటూ ఖాళీలు నింపే ప్రయత్నం చేయండి. అప్పుడు రాతప్రతి తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు పోయిన ప్రతి చోటా కారణం రాసుకోవాలి: మాట తెలియకా, తెలిసినా వినపడకా, వినపడినా స్పెల్లింగు తప్పా? ఆఖర్న ఆ నిమిషాన్నీ రికార్డింగుతో పాటు గొంతు కలిపి చదవండి. మొదటి వారంలో ఈ ఒక్క నిమిషానికి నలభై నిమిషాలు పడుతుంది. అయినా వదలొద్దు. రోజంతా చెవిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఊరికే వినేదానికంటే ఈ నలభై నిమిషాల పని ఎంతో గట్టిది.

పదో తరగతిలో నూటికి తొంభై తెచ్చుకున్న ఒక అమ్మాయితో ఇలాగే చేయిస్తుంటే, పదిహేనో నంబరు బస్సుని వరసగా నాలుగుసార్లు యాభై అని రాసింది. "సరిగ్గానే విన్నానప్పా" అంటుంది. తప్పు చెవిది కాదు, ఎక్కడ చూడాలో తెలియకపోవడం. ఫిఫ్టీలో బరువు మొదట్లో పడుతుంది, చివర ఠక్కున ఆగిపోతుంది. ఫిఫ్టీన్‌లో చివరి భాగం సాగుతుంది. ఆ తేడా చెప్పి థర్టీ–థర్టీన్, ఫార్టీ–ఫోర్టీన్ అని జంటలుగా వినిపిస్తే రెండు రోజుల్లో పట్టేసింది.

మొదటి భాగంలో పేర్లూ నంబర్లూ అక్షరాలుగా చెబుతారు. అక్కడ పోగొట్టుకునే మార్కులు నిజంగా అన్యాయంగా పోయే మార్కులు. మనం హెచ్ అనేదాన్ని చాలామంది ఎయిచ్ అంటారు. సున్నాని ఓ అంటారు. రెండు ఎల్‌లు వస్తే డబుల్ ఎల్. జెడ్‌ని అమెరికా వాళ్ళు జీ అంటారు. ఏ, ఈ, ఐ ఈ మూడూ కంగారులో కలిసిపోతాయి. ఇంట్లో తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టి రోజూ పది పేర్లు, పది ఫోను నంబర్లు చెప్పించుకుని కొట్టండి.

ప్రశ్న పైన రాసి ఉండే హద్దు కూడా చూడాలి. రెండు మాటలకు మించకూడదని ఉంటే మూడు మాటలు రాసిన జవాబు తప్పే. ఏకవచనం, బహువచనం తేడా పోయినా తప్పే. స్పెల్లింగు బ్రిటిష్‌ది రాసినా అమెరికన్‌ది రాసినా ఒప్పుకుంటారు.

రీడింగు

60 నిమిషాలు, అకడమిక్‌లో మూడు పాఠాలు, 40 ప్రశ్నలు. పోనుపోను కష్టమవుతాయి. మొదటిదానికి 17, రెండోదానికి 20, మూడోదానికి 23 నిమిషాలు పెట్టుకోండి. తెర మీద ఎడమ పక్క పాఠం, కుడి పక్క ప్రశ్నలు ఉంటాయి. మాటల మీద రంగు పూయడానికి వీలుంటుంది గానీ పేరాలకి పేరాలు పూస్తే ఏం లాభం లేదు. పేర్లు, ఏళ్ళు, "హవెవర్" లాంటి మలుపు మాటలు మాత్రం గుర్తు పెట్టుకోండి.

మనవాళ్ళు ఎక్కువ పోగొట్టుకునేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ దగ్గర. పాఠంలో "ఆదివారాలు గుడికి జనం ఎక్కువ వస్తారు" అని ఉందనుకోండి. ప్రశ్నలో "ఆదివారాలు గుడి ఖాళీగా ఉంటుంది" అంటే ఫాల్స్, పాఠం దాన్ని కాదంటోంది. "మిగతా రోజుల్లో గుడి మూసేస్తారు" అంటే నాట్ గివెన్. మీది రాయగడ అయితే మజ్జిగౌరమ్మ గుడి ఏ రోజుల్లో తెరుస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఆ తెలివి ఇక్కడ వాడకూడదు. పాఠం ఒప్పుకుందా, కాదందా, నోరెత్తలేదా? అంతవరకే చూడండి.

జవాబు తెలియని ప్రశ్నని ఖాళీగా వదలొద్దు, తప్పుకి మార్కు కోత లేదు.

రైటింగు

ఇక్కడ మనసు పెట్టండి, చాలామందికి తగ్గేది ఇందులోనే. గంటలో రెండు పనులు. మొదటిది కనీసం 150 పదాలు: అకడమిక్‌లో గ్రాఫో పటమో చూసి వివరించడం, జనరల్‌లో ఉత్తరం. రెండోది కనీసం 250 పదాల వ్యాసం. రెండోదానికి మార్కుల బరువు రెండింతలు. 20 నిమిషాలు, 40 నిమిషాలు అని పంచుకుని, ఆ గీత దాటకండి. ఎన్ని పదాలయ్యాయో తెర కిందే కనిపిస్తుంది.

వ్యాసం తెరవగానే కీబోర్డు మీద చెయ్యి వేయొద్దు. మొదటి ఐదు నిమిషాలు వాళ్ళిచ్చిన కాగితం మీద మీ మాట ఒక్క వాక్యంలో రాయండి. దానికి రెండు కారణాలు, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ. "యువకులు పల్లెలు వదిలి నగరాలకు వెళ్ళడం మంచిదా" అని అడిగారనుకుందాం. మీ జిల్లా నుంచి సూరత్‌కో హైదరాబాద్‌కో పనికి వెళ్ళిన మనుషులు మీకు తెలుసు. వాళ్ళు పంపిన డబ్బుతో ఏం మారింది, వాళ్ళు లేక పొలాల్లో ఏం ఆగిపోయింది, అదే మీ వ్యాసం. ఎక్కడో లండన్ గురించి కల్పించి రాయక్కర్లేదు. కోచింగులో ఇచ్చిన ముక్కల్ని బట్టీ పట్టి అతికిస్తే పరీక్షకులు ఇట్టే గుర్తుపడతారు, దానికి మార్కులు తగ్గుతాయి కూడా.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులో రాస్తే దొర్లే తప్పులు కొన్ని మనందరికీ ఉమ్మడి. పదేళ్ళుగా రాయగడలో ఉంటున్నాను అనేదాన్ని "ఐ యామ్ లివింగ్ ఇన్ రాయగడ సిన్స్ టెన్ ఇయర్స్" అని రాస్తాం. "ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ రాయగడ ఫర్ టెన్ ఇయర్స్" అనాలి. ఎన్నాళ్ళుగానో చెబితే ఫర్, ఎప్పటి నుంచో చెబితే సిన్స్. "డిస్కస్ అబౌట్" కాదు, ఉత్త డిస్కస్. "రిటర్న్ బ్యాక్"లో బ్యాక్ అక్కర్లేదు. "వన్ ఆఫ్ ద" తర్వాత వచ్చే నామవాచకం బహువచనంలో ఉండాలి. ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, అడ్వైస్, వీటి చివర ఎస్ తగిలించకూడదు.

అన్నిటికంటే పెద్దది నామవాచకం ముందు పెట్టే అ (a), ద (the) ల సమస్య. తెలుగులో అవి లేవు, "పిల్ల బడికి వెళ్ళింది" అంటే చాలు. అందుకని ఇంగ్లిషు రాసేటప్పుడు మన చెయ్యి వాటిని మరిచిపోతుంది. నేను పిల్లలకి చెప్పే చిట్కా ఒకటే. రాయడం అయ్యాక ప్రతి నామవాచకం దగ్గరా ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది లెక్కపెట్టగలిగేదా? ఇక్కడ ఒక్కటే ఉందా? రెండింటికీ అవును అని వస్తే దాని ముందు అ గానీ ద గానీ, మై, దిస్ లాంటిది ఏదైనా గానీ ఉండి తీరాలి. మొదటిసారి చెబుతున్నదైతే అ, ఏదో రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ తెలిసిందైతే ద. ఈ ఒక్క తనిఖీకి ప్రతి వ్యాసం చివర్న మూడు నిమిషాలు అట్టేపెట్టండి. మూడో వారం నుంచి వారానికి రెండు వ్యాసాలు రాసి, తప్పులన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. ఆరో వారానికల్లా మీకే తెలుస్తుంది, మీరు చేసేవి నూరు రకాల తప్పులు కావు, తిప్పితిప్పి అవే ఏడో ఎనిమిదో.

దిద్దడానికి మనిషి కావాలి. ఊళ్ళో ఇంగ్లిషు మాస్టారు ఉంటే వెళ్ళి అడగండి. "మొత్తం దిద్దండి సార్" అంటే వాళ్ళకి వీలుపడదు. "ఈ వారం అ, ద లు మాత్రం చూడండి" అంటే సంతోషంగా చూస్తారు.

స్పీకింగు

11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా పరీక్షకులు ఉంటారు, కొన్ని చోట్ల వీడియోలో. మొదట మీ గురించి, ఊరి గురించి ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇస్తారు: ఒక నిమిషం ఆలోచన, రెండు నిమిషాల వరకు మాట. చివర్న ఆ విషయం మీదే లోతైన చర్చ. ధారాళం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, నాలుగింటికీ సమాన మార్కులు. బ్రిటిష్ యాస ఎవరూ అడగరు, మాట స్పష్టంగా ఉంటే చాలు.

స్పష్టతకి అడ్డొచ్చేవి మన నోట్లో కొన్ని ఉన్నాయి. తెలుగులో బస్సు, బుక్కు, లైటు అని చివర ఉకారం చేర్చుకుంటాం, అది ఇంగ్లిషు వాక్యంలోకి జారిపోతుంది. ఎగ్‌ని యెగ్ అంటాం, ఎయిట్‌ని యెయిట్ అంటాం. జూ, జీరోలని జీతంలో జ లాగా పలుకుతాం. ఒడియా బడిలో చదివినవాళ్ళకి ఇంకో రెండు తోడవుతాయి: వెరీ కాస్తా భెరీ అవుతుంది, షీ–సీ ఒకటైపోతాయి. వీటిలో మీవి ఏవో ఫోనులో రికార్డు చేసుకుని వింటే తెలుస్తుంది. రెండే ఎంచుకుని నెల రోజులు వాటి మీదే పని చేయండి.

కార్డు మాటకి సాధన రోజూ ఒక్కటి. "నీళ్ళ దగ్గర ఉన్న ఒక చోటు గురించి చెప్పండి" అని వస్తే హాతీపథర్ చెప్పండి. నాగావళిలో ఏనుగుల్లా కనిపించే ఆ రెండు బండలు, ఎవరితో వెళ్ళారు, ఏం తిన్నారు, తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుందా. పండగ అడిగితే బరంపురంవాళ్ళు రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర చెప్పొచ్చు. కళ్ళతో చూసింది చెబితే మాట దానంతటది సాగుతుంది, మధ్యలో పదం దొరక్కపోయినా వేరే దారిలో చెప్పేస్తారు. ఒక్క జాగ్రత్త: వినేవాళ్ళకి మన ఊరి పేర్లు తెలియవు. పేరు చెప్పిన వెంటనే అదేమిటో ఒక వాక్యంలో చెప్పేయండి.

వారాలు ఎలా పంచుకోవాలి

మొదటి రెండు వారాలు టైపింగు, డిక్టేషను. మూడు నుంచి తొమ్మిది దాకా రోజుకి రెండు గంటలు: డిక్టేషను ఎప్పుడూ మానకుండా, ఒకరోజు రీడింగు, ఒకరోజు రైటింగు, మాట మాత్రం రోజూ పది నిమిషాలు. చివరి మూడు వారాలు వారానికొక మాక్ టెస్ట్ (అసలు దానిలాగే రాసే నమూనా పరీక్ష), మధ్యలో ఆపకుండా. అసలు పరీక్షలో లిజనింగు, రీడింగు, రైటింగు వరసగా వస్తాయి, మధ్యలో విరామం ఉండదు. రెండున్నర గంటలకి పైగా కదలకుండా కూర్చోవడం కూడా సాధన చేయాల్సిందే. ఐల్ట్స్ అధికారిక సైటులోనే కంప్యూటర్ పరీక్ష నమూనా ఉచితంగా ఉంది. కేంబ్రిడ్జి వాళ్ళు ప్రచురించే ప్రాక్టీసు పుస్తకాలు రెండు చాలు, పదో ఇరవయ్యో కొనక్కర్లేదు.

మాక్‌లో వచ్చిన మార్కుని ఇలా చూసుకోండి: లిజనింగులో, అకడమిక్ రీడింగులో 40కి 23 వస్తే సుమారు 6 బ్యాండు, 30 వస్తే 7, 35 వస్తే 8. మీకు కావలసిన బ్యాండు వరసగా మూడు మాక్‌లలో రాకుండా ఫీజు కట్టొద్దని నా గట్టి సలహా.

స్లాటు, ప్రయాణం, ఫలితం

మనకి దారులు రెండు, విశాఖపట్నం లేదా భువనేశ్వర్. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైలుంది. గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళు నౌపడా మీదుగా విశాఖ చేరొచ్చు. బరంపురం వాళ్ళు ఎటైనా వెళ్ళొచ్చు, భువనేశ్వర్ దగ్గర. ఏ దారైనా ముందురోజు సాయంత్రానికే చేరి పడుకోండి, తెల్లవారుజామున రైలు దిగి నేరుగా హాలుకి పరిగెత్తకండి. అక్టోబరు, నవంబరు నెలల్లో స్లాటు పెట్టుకుంటే అప్లికేషన్ గడువుకి కనీసం నెల రోజులు ఎడం ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా అతలాకుతలం చేసిందో మనం చూశాం. అలాంటి వారంలో రైలూ ఉండదు, రోడ్డూ ఉండదు. స్పీకింగు అదే రోజా, వేరే రోజా అన్నది బుక్ చేసేటప్పుడే చూసుకుంటే బస ఖర్చు తెలుస్తుంది.

హాల్లోకి అసలు పాస్‌పోర్టు తీసుకెళ్ళాలి, జిరాక్స్ చెల్లదు. చేతి గడియారం, ఫోను బయటే పెట్టాలి. కూర్చోగానే హెడ్‌ఫోన్స్‌లో శబ్దం సరిచూసుకోండి. తక్కువగా ఉన్నా, గరగరలాడినా, ఏదైనా మీట గట్టిగా ఉన్నా అప్పుడే చెయ్యెత్తి చెప్పండి. మొహమాటపడి ఊరుకుంటే తర్వాత చెప్పుకోవడం చాలా కష్టం.

ఫలితం కొద్ది రోజుల్లోనే ఆన్‌లైన్‌లో వస్తుంది, రెండేళ్ళు చెల్లుతుంది. నాలుగు విభాగాల సగటుని దగ్గరి అర బ్యాండుకి సర్దుతారు. 6.5, 6.5, 6, 6 వస్తే సగటు 6.25, అది 6.5 అవుతుంది. అదే ఒక చోట 6 బదులు 5.5 వస్తే సగటు 6.125, అది 6 దగ్గరే ఆగుతుంది. ఒక్క విభాగంలో అర బ్యాండు తగ్గితే మొత్తంలో అర బ్యాండు పోయింది. ఇలా ఒక్క దాంట్లోనే తగ్గినవాళ్ళకి కంప్యూటర్ పరీక్షలో మంచి వీలొకటి ఉంది. మొత్తం మళ్ళీ రాయకుండా ఆ ఒక్క విభాగమే 60 రోజుల్లోపు మళ్ళీ రాయొచ్చు. అయితే ఆ స్కోరుని అందరూ ఒప్పుకోరు. ఫీజు కట్టేముందు మీరు చేరబోయే యూనివర్సిటీకి ఈమెయిల్ రాసి, ఒప్పుకుంటామని జవాబు వచ్చాకే స్లాటు తీసుకోండి. ఆ జవాబు ప్రింటు కూడా పాస్‌పోర్టు ఫైల్లోనే పెట్టుకోండి.